ఊపిరి ముద్ర

మా చెల్లెలు కుందన అసలు కుందనే కాదని యంత్రం తేల్చి చెప్పిన పూట నేను పక్కనే ఉన్నాను. పుట్టినప్పటినుంచీ దాన్ని ఎరిగినదాన్ని. అరచేతిలో పట్టేంత యంత్రం నాకు చెప్పొచ్చింది.

విజయనగరంలో మా మేడమీద ఒక చిన్న గది ఉంది. వీధిలోని హారన్లూ, కూరగాయల బండివాడి కేకలూ లోపలికి రాకుండా దాని గోడలనిండా బొంతలు వేలాడదీశాం. బొంతలన్నీ నేను కుట్టినవే. మధ్యలో మైకు, దాని ముందు కుందన. కూర్చుంటే కథ రాదంటుంది, నిలబడే చెబుతుంది. పిల్లలకు సాయంత్రంపూట కథలు వినిపించే ఛానెల్ మాది, పేరు 'కుందనపు కథలు'. తను చెబుతుంది, మిగతాదంతా నేను చూస్తాను. దగ్గులు తీసెయ్యడం, కథకు బొమ్మ వేయించడం, తల్లులు పెట్టే కామెంట్లకు జవాబివ్వడం, పనికిమాలిన ప్రకటనలవాళ్ళను తిట్టి పంపడం. ఆ చివరి పని నాకు బాగా ఇష్టం.

కొన్ని నెలల విరామం తర్వాత తను మళ్ళీ మైకు ముందు నిలబడ్డ రోజది. ఏ కథ రికార్డు చెయ్యాలన్నా ముందు ముద్ర కథ చెప్పాలి. నిమిషంపాటు చెప్పే చిన్న కథ. అది విని మనిషి ఎవరో పోల్చుకున్నాకే యంత్రం తలుపు తీస్తుంది. కుందన చెప్పింది. ఫోనులో ఎర్ర గీత వచ్చింది. ఈ ఊపిరి నమోదైన వ్యక్తిది కాదు, అని దాని కింద రాసి ఉంది. మళ్ళీ చెప్పింది. మళ్ళీ అదే. మూడోసారీ అంతే. నేను ఫోను లాక్కుని బొంత మీదికి విసిరేశాను. పాపం, అది విరగలేదు.

ఈ ముద్ర గొడవ ఏమిటో చెప్పాలి. ఛానెల్ పెట్టిన మొదటి ఏడాది మా కథలు వినేవాళ్ళలో సగంమంది చుట్టాలు, మిగతా సగం పొరపాటున వచ్చినవాళ్ళు. అయినా కుందన ఒక్క సాయంత్రం మానలేదు. జ్వరం వచ్చినా చెప్పింది, పెళ్ళి కుదిరిన రోజునా చెప్పింది. అలా చెప్పగా చెప్పగా ఎక్కడెక్కడి తెలుగు పిల్లలో తన కథ వింటేగాని అన్నం ముట్టని స్థితికి వచ్చింది. మా రెండు కుటుంబాలూ దాని మీదే నిలబడ్డాయి. అప్పుడు పుట్టుకొచ్చారు దొంగ కుందనలు. తన గొంతును యంత్రాలకు నేర్పి, తన పేరుతోనే వీధికొక ఛానెల్ పెట్టారు. వాటిలో ఒకటి చెప్పకూడని కథేదో పిల్లలకు చెప్పింది. పిల్లాడు మూడు రోజులుగా లైటు తియ్యనివ్వడం లేదని ఒకావిడ మమ్మల్ని తిట్టిపోసింది. అది మేం కాదమ్మా అంటే ఎవరు నమ్ముతారు? గొంతు కుందనదే మరి. మెల్లగా పిల్లలు జారిపోయారు.

కుందన భర్త దాలినాయుడు విశాఖలో ఒక శ్వాస పరిశోధనశాలలో పనిచేస్తాడు. ఉబ్బసం రోగులకోసం మొదలుపెట్టిన పరిశోధన అది. ఒక ఆదివారం మా ఇంట్లో భోజనానికి కూర్చుని, నా మూతి ముందు దూదిపింజె పట్టుకుని పులిహోర ఎలా చెయ్యాలో చెప్పమన్నాడు. నాకు ఒళ్ళు మండింది, అయినా చెప్పాను. దూది కదిలినప్పుడల్లా కాగితం మీద చుక్క పెట్టాడు. ఇంకోసారి చెప్పమన్నాడు. రెండోసారి పెట్టిన చుక్కలు మొదటివాటి పక్కనే పడ్డాయి. ఇంగువ దగ్గర ఒకటి, పోపు దించే దగ్గర ఒకటి.

"గొంతు దొంగిలించొచ్చు వదినా. ఊపిరి దొంగిలించలేరు. ఎక్కడ పీలుస్తున్నారో మీకే తెలీదు, దొంగకి ఎలా తెలుస్తాది?" అన్నాడు.

అలా వచ్చింది ఊపిరి ముద్ర. మనిషి ఒక చిన్న కథ చెబుతుంటే ఊపిరి తీసే తీరంతా యంత్రం లోపల దాచుకుంటుంది. దాచినదాన్ని మళ్ళీ ఎవరూ చూడలేరు, వినలేరు. చేసినవాళ్ళకూ కనబడదు. కనబడితే కాపీ కొట్టేస్తారని భయం. కొత్తగా ఎవరైనా వచ్చి చెబితే, దాచినదానికి ఎంత దగ్గరగా ఉందో నూటికి ఇంత అని చెబుతుంది. అంతే దానికి తెలిసిన విద్య. ఏడాది తిరక్కుండా, ముద్ర లేనిదే పిల్లల ఛానెల్ నడపకూడదని నిబంధన వచ్చింది. దొంగ కుందనలు దీపావళి తర్వాతి దోమల్లా మాయమయ్యారు. మా పిల్లలు మాకు తిరిగొచ్చారు.

మొట్టమొదటి ముద్ర ఇచ్చింది కుందనే. అప్పటికి తనకు ఏడో నెల. నిబంధన తేదీ దగ్గరపడిందని పరిశోధనశాలలో అందరూ హడావిడి పడుతున్నారు. నేనూ వెంట వెళ్ళాను. ఉప్పు మళ్ళలో చీమ కథ చెప్పింది తను. చీమకు పంచదార అంటే ప్రాణం. అమ్మచీమ పిలుస్తున్నా వినకుండా, ఎండలో తెల్లగా కనబడిన ప్రతి కుప్పా ఎక్కి పంచదారేమోనని నాలుక పెట్టి చూస్తుంది. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి కుందన ఊపిరి సగంలో ఆగింది. డొక్క మీద చెయ్యి వేసుకుని నవ్వేసింది. లోపలున్నవాళ్ళకి ఉప్పు నచ్చలేదట అంది. అందరం నవ్వాం. మళ్ళీ మొదటినుంచి చెబుతానంటే పరిశోధనశాల పెద్ద వేదవతి గారు వద్దన్నారు. ఈ తడబాటు ఏ యంత్రమూ కల్పించలేదు, ఇదే ఉంచండి అన్నారు. దాలినాయుడి మొహం వెలిగిపోయింది. తండ్రి కాబోతున్నాడు, కనిపెట్టిన యంత్రం పనిచేస్తోంది, ఇంకేం కావాలి? అంత చదువుకున్న గదిలో ఒక్కరికీ తట్టలేదు, అది కుందన ఒక్కతి ఊపిరి కాదని.

తొమ్మిదో నెలలో బిడ్డ గుండె ఆగిపోయింది. ఆపరేషన్ చేసి తీశారు. ఆడపిల్ల. కుందనకు మత్తు దిగేసరికి అంతా అయిపోయింది. పసిగుడ్డును తల్లికి చూపిస్తే జీవితాంతం మరిచిపోలేదని మావైపు పెద్దవాళ్ళ నమ్మకం. చూపించకపోతే మరిచిపోతుందని ఎవరు చెప్పారో నాకు తెలియదు. దాలినాయుడూ వాళ్ళ చిన్నాన్నా తీసుకెళ్ళి పూడ్చి వచ్చారు. ఫోటో లేదు, పేరు లేదు. పిల్ల ఎలా ఉందని కుందన ఒక్కసారే అడిగింది. నీలాగే ఉందన్నాడు అతను. తర్వాత ఆ ఇంట్లో ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు.

యంత్రం ఎర్ర గీత చూపించిన మర్నాడు నేను తగువు పెట్టుకోవడానికే విశాఖ బస్సెక్కాను. దాలినాయుడు కాంటీన్‌లో చల్లారిపోయిన టీ ముందు కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే లేచి కుర్చీ లాగాడు. తెచ్చుకున్న తిట్లన్నీ నా నోట్లోనే ఉండిపోయాయి, అతని మొహం అలా ఉంది.

"తన ఊపిరి ఇప్పుడు మరీ లోతుగా ఉంది, అందుకే కాదంటోంది యంత్రం. ఏడో నెల మనిషి అంత లోతుగా పీల్చలేదు వదినా. లోపల చోటుండదు" అన్నాడు.

నాకు అర్థమవడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక కూర్చుండిపోయాను. తర్వాత నా బుద్ధి పోనిచ్చుకోక, నువ్వే కదా చేశావు, గుట్టుగా ఒక దారి తెరిచి దాన్ని లోపలికి పంపెయ్యి అన్నాను. కుందన కోసం దారి తెరిస్తే సాయంత్రానికల్లా దొంగలందరూ అదే దారిన వస్తారన్నాడు. పాత ముద్ర చెరిపేసి కొత్తది ఇవ్వచ్చట. కానీ ఒక మనిషికి ఒకటే ముద్ర. పాతది చెరపాలంటే సొంతదారే వచ్చి, నేనే ఆ మనిషినని పాత ముద్ర ముందు నెగ్గాలి. లేకపోతే దొంగలు వచ్చి అసలువాళ్ళ ముద్రలు చెరిపేస్తారని ఆ కట్టుదిట్టం. ఆ నియమం రాసిందీ అతనే.

"అంటే కడుపుతో ఉన్న కుందన వచ్చి చెరపాలి" అన్నాను.

అతను తల ఊపి, టీ పక్కకు జరిపాడు.

ఆ సంగతి కుందనకు చెప్పే పని నా మీదే పడింది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. అయితే అది ఇంకా అందులో ఉందన్నమాట, అంది. తర్వాత నన్ను ఒక సంచి కుట్టిపెట్టమంది. పాత బొంతముక్కతో కుట్టి, బియ్యం పోసి, నాడాలు పెట్టి ఇచ్చాను. దాన్ని పక్కటెముకల కింద బిగించి కట్టుకుని మైకు ముందు నిలబడింది. ఊపిరి అందక మెడనరాలు ఉబ్బాయి. చీమ నాలుక పెట్టే చోట సరిగ్గా సగంలో ఊపిరి ఆపి, డొక్క మీద చెయ్యి వేసుకుని నవ్వింది. ఆ నవ్వు చూడలేక నేను బొంతలవైపు తిరిగాను.

గీత ఇంకా ఎర్రగానే ఉంది, కానీ అంకె పెరిగింది. రెండు రోజులు తంటాలు పడ్డాక పచ్చగా మారింది. నిజంగా ఊపిరి పీల్చిన మనిషిని కాదన్న యంత్రం, బియ్యం సంచి కట్టుకుని వేషం వేసిన మనిషిని ఔనంది.

నేను గడుసుదాన్ని, సంతోషించాను. ఇంక విశాఖ వెళ్ళి పాతది చెరిపించుకు వచ్చెయ్యడమే అనుకున్నాను. వెళ్దాం, వెళ్దాం అంటూ కుందన వాయిదా వేసింది. ఈలోగా సంచి కట్టుకునే రెండు కొత్త కథలు చెప్పింది. కుందనక్క వచ్చిందని కామెంట్లు వరదలా వచ్చిపడ్డాయి. ఒక్కొక్కదానికీ జవాబు రాస్తూ నేను మురిసిపోయాను. మూడో కథ మాత్రం రాలేదు.

ఆ రోజుల్లో తను మా ఇంట్లోనే ఉండేది. పొద్దున్న పైకి వెళ్తే భోజనానికి కూడా దిగేది కాదు. తలుపు దగ్గర నిలబడి వింటే ఎప్పుడూ అదే చీమ కథ. పచ్చ గీత వచ్చినా ఆగదు, మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంటుంది. ఏటే ఇది, నెగ్గీసావు కదా అని ఒక రోజు కేకలేశాను. తను నావైపు తిరిగింది. కడుపుతో ఉన్న రోజుల్లోని మొహమే అది. నాకు భయమేసింది.

"అక్కా, 'ఎండ' అన్నచోట కదిలింది" అంది.

ఏమిటన్నాను. అప్పుడు చెప్పింది. నాలుక పెట్టిన చోట తన్నడం మా అందరికీ తెలిసిందే. కానీ కథ చెబుతున్నంతసేపూ పిల్ల ఇంకా ఎక్కడెక్కడో మెదిలే ఉంటుంది. తనకే తెలియనంత చిన్నగా. యంత్రానికి తెలుసు. అది చూపించదు, వినిపించదు, ఎంత దగ్గరో మాత్రం చెబుతుంది. అందుకని తను ఒక్కొక్క మాట దగ్గరా ఊపిరి కొంచెం తడబెట్టి చూస్తోంది. అంకె తగ్గితే అక్కడ ఏమీ లేనట్టు. పెరిగితే అక్కడ కదిలినట్టు. అలా మాటమాటా తడుముకుంటూ బిడ్డను వెతుక్కుంటోంది మా చెల్లెలు. మొహం చూడనిచ్చామా? అందుకని ఇలా చూసుకుంటోంది.

"అమ్మచీమ పిలిచేచోట కదిలిందేమోనని ఎన్నిసార్లో చూశాను. కదల్లేదక్కా" అంది.

నేను కిందికి వచ్చి వంటింట్లో కూర్చుని ఏడ్చాను. ఏడవడం అయ్యాక దాలినాయుడికి ఫోను చేశాను, వచ్చి నీ పెళ్ళాన్ని చూసుకో అని.

ఆ ఆదివారం వచ్చాడు. మెట్లెక్కుతూ చీమ కథ విని సగంలోనే ఆగిపోయి, అక్కడే మెట్టు మీద కూర్చున్నాడు. కథ అయ్యాక కుందన బయటికి వచ్చి పక్కన కూర్చుంది. మందలిస్తాడనుకున్నాను. అతను ఎక్కడెక్కడ అని అడిగాడు. తను కథంతా మెల్లగా చెబుతూ, పిల్ల కదిలిన చోటల్లా అతని మోచేతి మీద వేలితో తట్టింది. అతను కళ్ళు మూసుకుని విన్నాడు. మరోసారి చెప్పమన్నాడు. వాళ్ళిద్దరూ ఆ పిల్ల గురించి మాట్లాడుకోవడం నేను చూసింది అదే మొదలు. అందుకని వాళ్ళను అక్కడే వదిలి వంటింట్లోకి పోయాను.

కానీ ఛానెల్ మునుగుతోంది. కాన్పుకని ఇచ్చిన సెలవు అయిపోయింది, ఇంక నెలరోజులు కొత్త కథ లేకపోతే పిల్లల పట్టికలోంచి పేరు తీసేస్తామని హెచ్చరిక వచ్చింది. తీసేస్తే మళ్ళీ మొదటినుంచే. చుట్టాలూ, పొరపాటున వచ్చేవాళ్ళూ. అన్నేళ్ళ సాయంత్రాలు గంగలో కలుస్తాయి. అదీ కుందనకు చెప్పాను. పోనీ అంది. ఆ మాట నన్ను కొట్టినట్టయింది. జ్వరంలో కథ మాననిది, పోనీ అంది. సంచి నాడాలు కోసుకుపోయి నడుము చుట్టూ ఎర్రటి చారలు పడ్డాయి. రాత్రి పడుకున్నప్పుడు కూడా విప్పడం లేదని ఆదివారాలు వచ్చి ఉండే దాలినాయుడు చెప్పాడు. సంచిని దొంగతనంగా తీసి పారేద్దామని రెండుసార్లు అనుకుని, రెండుసార్లూ మానుకున్నాను.

చివరికి తనే విప్పింది. ఒక మధ్యాహ్నం నేను అన్నం పట్టుకుని పైకి వెళ్ళేసరికి బొంతలకు ఆనుకుని నేలమీద కూర్చుని ఉంది. సంచి ఒళ్ళో ఉంది. నన్ను చూసి, అయిపోయిందక్కా అంది. ఏమైపోయిందన్నాను. అంకె ఇంక పెరగడం లేదట. పిల్ల ఎక్కడెక్కడ కదిలిందో అంతా దొరికిపోయిందట. నాలుగు రోజులుగా ఎలా చెప్పినా అంకె అక్కడే ఉంది.

"మంచిదే కదే" అన్నాను.

"ఎన్నిసార్లు చెప్పినా ఆ చోట్లలోనే కదుల్తాదక్కా. కథ వినే పిల్లలు అలాగుండరు. ఇవాళ ఒకచోట నవ్వుతారు, రేపు ఇంకోచోట అడ్డొస్తారు. ఇన్నేళ్ళనుంచి చెప్తున్నాను, నాకు తెలీదా?" సంచిని ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టి, "ఇది నా కథ వినట్లేదు" అంది.

అప్పుడు ఏడ్చింది. ఆసుపత్రిలో ఏడవనిదీ, ఇంటికి వచ్చాక ఏడవనిదీ అంతా ఆ మధ్యాహ్నం ఏడ్చింది. బొంతలు ఉండబట్టి వీధిలోకి వినబడలేదు. నేను ఓదార్చలేదు. ఒళ్ళో తల పెట్టుకుని ఊరికే కూర్చున్నాను. అన్నం ఎండిపోయింది. సాయంత్రం వెలుగు పోతుండగా లేచి మొహం కడుక్కుని, రేపు విశాఖ వెళ్దామంది.

ముద్ర చెరపాలంటే ముగ్గురు సాక్షులుండాలి. వేదవతి గారూ, ఇంకో ఇంజనీరూ, నేనూ ఉన్నాం. దాలినాయుడు యంత్రం దగ్గర కూర్చున్నాడు. ఆ పని చెయ్యడానికి వేరే మనిషిని పెడతానని వేదవతి గారు అంటే అతను ఒప్పుకోలేదు. ఆవిడ కుందన చెయ్యి పట్టుకుని, ఆ రోజు నాకు తట్టి ఉండాల్సిందమ్మా అన్నారు. కుందన సంచి కట్టుకుంది, నాడాలు నేను బిగించాను. ఇంకా గట్టిగా అంది తను.

అంతమంది ముందు, బియ్యం కడుపుతో నిలబడి కథ చెప్పింది. ఎండ దగ్గర కొద్దిగా, నాలుక పెట్టినచోట గట్టిగా, ఇంకా మాకెవరికీ తెలియని చోట్ల, బిడ్డ కదిలినచోటల్లా తన ఊపిరి కదిలింది. వేషమని తెలిసినా నా కళ్ళు తన కడుపు మీదికే పోయాయి. దాలినాయుడు తెర చూడటం లేదు. తన మోచేతి మీద వేలితో తట్టుకుంటున్నాడు. ఒక్కచోటా తప్పలేదు. మొదటిసారికే పచ్చ గీత వచ్చింది. మీరే సొంతదారని, చెరిపెయ్యాలా అని యంత్రం అడిగింది.

కుందన బొటనవేలు తెర మీద పెట్టింది. పెట్టి, తియ్యలేదు. చెరిగిపోయిందని యంత్రం చెప్పాక కూడా కొంతసేపు అలాగే ఉంచింది. దాలినాయుడు ఆ చేతిని మెల్లగా తీసి పట్టుకున్నాడు. నేను వెనకనుంచి నాడాలు విప్పాను. సంచి నా చేతికి వెచ్చగా తగిలింది.

తన ఊపిరి ఒక్కసారిగా లోపలికంటా పోయింది. అంత నిండుగా పీల్చి ఎన్నాళ్ళయిందో, దగ్గు వచ్చింది. మంచినీళ్ళు తాగి, కొత్త ముద్ర ఇప్పుడే ఇచ్చేస్తానంది. ఇంకో రోజు వద్దామన్నాం ముగ్గురమూ. పిల్లలు ఎదురుచూస్తున్నారంది. మైకు సరిచేసుకుంది. కొత్త కథేదో దారిలో బస్సులోనే అనుకుని ఉంది.

అయితే కొత్త ముద్ర తీసేముందు ఇప్పుడు ఒక ప్రశ్న అడగాలి. కుందన సంగతి బయటపడ్డాక దాలినాయుడే రాసి పెట్టిన నియమం అది. ఎవరు వచ్చినా అడగాలి. అడిగి, జవాబు వినిపించనిదే యంత్రం మొదలవదు. అతను తెరమీది ఆ ప్రశ్న చూస్తూ కూర్చున్నాడు. వేదవతి గారు కిటికీవైపు తిరిగారు. నేను విప్పిన నాడాలు చుట్టుకుంటూ నిలబడ్డాను.

"అడుగు. అడక్కపోతే అవదు కదా" అంది కుందన, భర్తవైపు చూస్తూ.

"మీరు ఒక్కరేనా?" అని అడిగాడు అతను, నియమంలో రాసినట్టే.

"ఒక్కదాన్నే" అంది.

యంత్రం ఆ జవాబు తీసుకుని, మొదలుపెట్టమంది.